పెద్దక్షరములు, చిన్నక్షరములు: యంత్రము చేయు వర్ణదోషము

వ్యాకరణము చదువుమని ఒక తండ్రి కొడుకును హెచ్చరించు సుభాషితము మన ప్రాచ్య కళాశాలలలో ప్రవేశ తరగతి విద్యార్థికిని తెలిసినదే. దంత్యమైన సకారమునకు బదులు తాలవ్య శకారమును పలికినచో స్వజనులు శ్వజనులగుదురనియు, సకలము శకలమగుననియు దాని తాత్పర్యము. ఆ హెచ్చరిక నాలుకకు సంబంధించినది. నేడు అదే దోషమును నాలుక లేని యంత్రము చేయుచున్నది. రోమన్ అక్షరములలో నమోదైన సంస్కృత పాఠమునందు వాక్యము మొదటి అక్షరమును తనంతట తాను పెద్దక్షరముగా మార్చు చిన్న సౌకర్యము ఒక్కటి చాలును, స్వజనము శ్వజనమగుటకు. ఇందు అతిశయోక్తి లేదు. ఇది ఎట్లు సంభవించునో చూపి, మన పాఠముల రక్షణకై మనము అవలంబింపవలసిన పద్ధతి ఏదో విన్నవించుట ఈ వ్యాసము ఉద్దేశము.

తెలుగు, నాగరి మొదలగు మన లిపులలో అక్షరమునకు పెద్ద రూపము, చిన్న రూపము అను భేదము లేదు. ఆ భేదము రోమన్, గ్రీకు, సిరిలిక్, ఆర్మీనియన్ మున్నగు లిపులకు చెందినది. ఆంగ్లమునందు క్యాపిటల్ అని పిలువబడు పెద్దక్షరము వాక్యారంభమును, సంజ్ఞానామమును సూచించు వ్రాతమర్యాద. పేరును పెద్దక్షరములలో వ్రాసినను, చిన్నక్షరములలో వ్రాసినను ఉచ్చారణ మారదు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ స్వభావమును ఆధారముగా గైకొనిరి. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ సంకేతావళిలో 1967 నాటికి చిన్నక్షరములు స్థిరపడినవి. అందు పెద్ద 'ఏ' సంఖ్య 65, చిన్న 'ఏ' సంఖ్య 97. తక్కిన ఇరువదియైదు అక్షరములకును ఇదే అంతరము. కావున పెద్దక్షరమును చిన్నదిగా మార్చుట యనగా యంత్రమునకు 32 కలుపుట. చిన్నదానిని పెద్దది చేయుట 32 తీసివేయుట. అన్నిటిని పెద్దవి చేయుట, అన్నిటిని చిన్నవి చేయుట, పదాదిని మాత్రము పెద్దది చేయుట అను మూడు ప్రక్రియలు నాటి నుండి ప్రతి సాఫ్ట్‌వేరులోను చేరినవి. వీని వెనుక నిలిచిన సిద్ధాంతము ఒక్కటియే: పెద్దచిన్నల భేదము అర్థభేదకము కాదు.

ఐరోపా భాషలలోనే ఈ సిద్ధాంతము నిరపవాదము కాదు. తుర్కీ భాషలో చుక్క గల 'ఐ', చుక్క లేని 'ఐ' అని రెండు వేర్వేరు అచ్చులు కలవు. ఒక్కొక్కదానికి తన పెద్దక్షరము తనకే ఉన్నది. గ్రీకులో సిగ్మాకు పెద్ద రూపము ఒకటి, చిన్న రూపములు రెండు. అందొకటి పదాంతమున మాత్రమే వచ్చును. జర్మన్ భాషలోని ఎస్సెట్ అను అక్షరమును పెద్దది చేసినచో రెండు 'ఎస్' లగుచుండెను. దానికి ప్రత్యేకమైన పెద్ద రూపము 2008లో యూనికోడులోను, 2017లో జర్మన్ అధికారిక వర్ణక్రమములోను స్థానము పొందినది. ఆయా భాషల వారు తమ అవసరమును తెలుపగా యూనికోడు వారు ప్రత్యేక పట్టికలను ఏర్పరచిరి. మన సమస్యకు మాత్రము ఏ పట్టికయు లేదు. మన పాఠములు ఎరువు తెచ్చుకొన్న ఆంగ్లాక్షరములకు మనవారు తమలో తాము చేసికొన్న ఒడంబడికను అనుసరించి వ్రాయబడినవి. ఆ ఒడంబడిక యంత్రమునకు తెలియదు. అది ప్రతి అక్షరమును ఆంగ్లాక్షరముగనే చూచును.

ఆ ఒడంబడిక ఎట్లు పుట్టినదో స్మరింపవలసియున్నది. సంస్కృతమును రోమన్ లిపిలో వ్రాయుటకు 1894లో జెనీవాలో జరిగిన ప్రాచ్యవిద్యా మహాసభ స్థిరపరచిన పద్ధతి నుండి నేటి అంతర్జాతీయ సంస్కృత లిప్యంతరీకరణ వర్ణమాల రూపొందినది. అందు దీర్ఘమునకు పైగీత, మూర్ధన్యమునకు క్రిందిచుక్క చేర్చుదురు. అచ్చుయంత్రములకు సాధ్యమైన ఈ గీతలు, చుక్కలు ఆస్కీ సంకేతావళిలో లేవు. అందువలన తొలినాటి పరిశోధకులు ఉన్న ఇరువదియారు అక్షరముల పెద్ద, చిన్న రూపములనే వేర్వేరు వర్ణములుగా వాడుకొనిరి. హార్వర్డ్-క్యోటో పద్ధతిలో చిన్న 'టి' తకారము, పెద్ద 'టి' టకారము. చిన్న 'ఎన్' నకారము, పెద్ద 'ఎన్' ణకారము. చిన్న 'ఏ' అకారము, పెద్ద 'ఏ' ఆకారము. ఐట్రాన్స్ పద్ధతియు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేర తెలుగువారు రూపొందించుకొన్న ఆర్టీయస్ పద్ధతియు ఈ మార్గముననే నడచినవి. కాన్పూరు ఐఐటీలో పుట్టిన డబ్ల్యూఎక్స్ పద్ధతి, సంస్కృత గ్రంథాలయ ప్రణాళికకు చెందిన ఎస్ఎల్పీ పద్ధతి ఒక వర్ణమునకు ఒకే అక్షరము అను నియమముతో మహాప్రాణములకును పెద్దక్షరములనే నియోగించినవి.

ఈ పద్ధతుల కర్తలు మనకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1966లో ముగించిన మహాభారత సంశోధిత పాఠము క్యోటో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య తోకునాగ కృషివలన 1990 దశకముననే కంప్యూటరు పాఠముగా పండితులకు లభించినది. కొలోన్ విశ్వవిద్యాలయము వారి సంస్కృత నిఘంటువుల మూలఫైళ్లు నేటికిని ఎస్ఎల్పీ సంకేతములలో ఉన్నవి. తెలుగునాట లేఖిని వంటి సాధనములు ఆర్టీయస్ పద్ధతిలో కొట్టిన అక్షరములనే తెలుగు లిపిగా మార్చి చూపును. కావున నా ఆక్షేపణ ఆ పద్ధతులపై కాదు. వాని స్వభావమును మరచి, అట్టి పాఠమును సాధారణాంగ్ల పాఠమువలె సాఫ్ట్‌వేరు చేతిలో పెట్టుటపైననే.

ఫలితములను వరుసగా చూతము. మొదటిది పదాదిని పెద్దది చేయుట. హార్వర్డ్-క్యోటో పద్ధతిలో వ్రాసిన నామావళిని పేర్లు గదా అని ఈ ప్రక్రియకు గురిచేసినచో నారదుడు ణారదుడగును, దశరథుడు డశరథుడగును, సీత షీతయగును, జనకుడు ఞనకుడగును, గణేశుడు ఙణేశుడగును. ఆ పద్ధతిలో పెద్ద 'ఆర్' ఋకారము గనుక రాముని పేరున రేఫయే పోయి అచ్చు మిగులును. డబ్ల్యూఎక్స్, ఎస్ఎల్పీ పద్ధతులలో చిన్న 'ఎస్' దంత్య సకారము, పెద్ద 'ఎస్' తాలవ్య శకారము. వ్యాసారంభమున చెప్పిన స్వజన శ్వజన విపర్యయము అక్కడ అక్షరాల జరుగును. పైథాన్ భాషలోని టైటిల్ అను ప్రక్రియ అపాస్ట్రఫీ గుర్తు తరువాతి అక్షరమును సైతము పదాదిగా భావించి పెద్దది చేయును. మనవారు అవగ్రహమునకు వాడునది ఆ గుర్తే. కావున హార్వర్డ్-క్యోటో పాఠమునందలి 'సోఽహమ్' అను దానిలో సకారము షకారమగుటయే గాక హకారము విసర్గగా మారును. వర్డ్ అను లేఖన సాఫ్ట్‌వేరులో పదాదిని వరుసగా రెండు పెద్దక్షరములున్నచో అది పొరపాటని తలచి రెండవదానిని చిన్నది చేయు సవరణ యొకటి కలదు. దానివలన 'ఈషత్' అను అవ్యయము 'ఈసత్' అగును. దిద్దువాడు దిద్దినట్లే కనబడును. చెడినది మాత్రము వర్ణము.

రెండవది అన్నిటిని చిన్నవి చేయుట. ఇది మరింత ప్రమాదకరము. ఏలయన దీనివలన కలుగు రూపములు పెక్కు సాధుపదములే. హార్వర్డ్-క్యోటో పాఠమున శాస్త్రము శస్త్రమగును, దీనుడు దినమగును, బాలుడు బలమగును, కూలము కులమగును. కర్ణుని సూతపుత్రుడనుటకు బదులు సుతపుత్రుడనవలసి వచ్చును. పాణిని పనినియు, అష్టాధ్యాయి అస్తధ్యయియు అగుట చూచి నవ్వి దిద్దుకొనవచ్చును. శాస్త్రము శస్త్రమైన చోట నవ్వుటకైనను అవకాశముండదు. మహాప్రాణములకు పెద్దక్షరములు గల పద్ధతులలో ఫలము పలమగును. వైద్యగ్రంథమున ఫలమునకు బదులు తూనికను తెలుపు పలము వచ్చినచో దాని పర్యవసానమును వేరుగ వర్ణింపనక్కరలేదు. ఆర్టీయస్ పద్ధతిలో తెలుగు పాఠమును ఇట్లు చేసినచో మాట మాత యగును, పాట పాత యగును, కళ కల యగును, నేల నెల యగును.

మూడవది అన్నిటిని పెద్దవి చేయుట. శీర్షికలకు శోభ కూర్చుటకు చేయు ఈ పనివలన హార్వర్డ్-క్యోటో పద్ధతిలోని హ్రస్వములన్నియు దీర్ఘములును, మకారములన్నియు అనుస్వారములును, హకారములన్నియు విసర్గలును అగును. పాత డాస్ వ్యవస్థ ఫైలు పేరును పెద్దక్షరములలోనే దాచుచుండెను. నేటి విండోస్ పేరును వ్రాసినట్లే చూపినను, పోల్చునపుడు పెద్దచిన్నలను సాధారణముగా పాటింపదు. ఒకే ఫోల్డరులో శాస్త్రము పేర ఒక ఫైలును, శస్త్రము పేర ఇంకొక ఫైలును ఈ పద్ధతిలో ఉంచజాలము.

అకారాది క్రమమునకును ఇదే గతి. ఆస్కీ సంఖ్యల వరుసలో పెద్దక్షరములన్నియు చిన్నవానికి ముందు వచ్చును. అందువలన ఆకాశ, ఈశ్వర, ఊర్ధ్వ శబ్దములు అగ్ని శబ్దమునకు ముందు నిలుచును. ఈ వికారమును తప్పింపగోరి పెద్దచిన్నలను పాటింపవద్దని ఆదేశించినచో అకార ఆకారములు, నకార ణకారములు కలగలిసిపోవును. పదసూచికకు రెండు విధములను నష్టమే.

పాణినీయులకు ఈ విషయమును వారి పరిభాషలోనే చెప్పవచ్చును. అకారమును ఉచ్చరించినపుడు దాని పదునెనిమిది భేదములను గ్రహించుటకు పాణిని అవకాశము కల్పించెను, అది సవర్ణగ్రహణము. ఆ గ్రహణము కూడని చోట తపరకరణముచేత దానిని నిలిపెను. ఎక్కడ భేదమును విడువవలెనో, ఎక్కడ పట్టవలెనో శాస్త్రకారునికి తెలియును. సాఫ్ట్‌వేరు చేయునది తపరకరణము లేని గ్రహణము. అంతియే కాదు, అకార ఆకారములు సవర్ణములు గనుక వాని కలయికకు ఏదో ఒక యుక్తి చెప్పవచ్చును. దంత్యమైన తకారమునకును మూర్ధన్యమైన టకారమునకును సావర్ణ్యమే లేదు. రెంటికిని ఆంగ్లమున ఒకే అక్షరమును ఎరువు తెచ్చుకొనుటయే వాని మధ్య గల ఏకైక బంధుత్వము.

ఇంతకంటె గంభీరమైనది పాఠపరిష్కరణ సమస్య. లేఖకుని ప్రమాదమునకు ఒక జాడ యుండును. లిపిలో పోలిక గల అక్షరములు తారుమారగును. కన్ను ఒక పంక్తి నుండి వేరొక పంక్తికి జారును. చెవికి ఒకటిగా వినబడునవి మారును. ఆ కారణములను ఊహించి పరిష్కర్త మూలపాఠమును చేరగలుగును. యంత్రము చేయు ప్రమాదమునకు అట్టి జాడ లేదు. అది మొదటి పంక్తి నుండి చివరి పంక్తివరకు ఒకే విధముగ జరుగును గనుక ఆ ప్రతిలో పోల్చి చూచుటకు శుద్ధపదము ఒక్కటియు మిగులదు. కల, కలా, కాల, కాలా అను నాలుగు రూపములు చిన్నక్షరములలో ఒకే రూపమైనచో, ఆ రూపమును చూచి నాలుగింటిలో ఏదో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. యంత్రమును మరల పెద్దవి చేయుమన్నచో అన్నిటిని పెద్దవి చేయునే గాని పూర్వరూపమును తేజాలదు.

పద్యమైనచో ఛందస్సు కాపాడునందురేమో. కొంతవరకు కాపాడును. సూత శబ్దము సుత అయినచో గణము తప్పును; పరిష్కర్త మేల్కొనును. కాని శాస్త్ర శస్త్ర శబ్దములు రెంటియందును మొదటి అక్షరము సంయోగమునకు ముందున్నది గనుక గురువే. అక్కడ ఛందస్సు మౌనము వహించును. నకార ణకారముల, తకార టకారముల మార్పు గురులఘువులను తాకనే తాకదు. తెలుగు పద్యమున అది ప్రాసస్థానమున పడినపుడు మాత్రము బయటపడవచ్చును. గద్యమునకు ఆ పాటి రక్షయు లేదు. ఇట్టి ప్రతి ఒకటి నుండి మరియొకటిగా వ్యాపించినచో, రేపటి పరిశోధకుడు 'సుతపుత్ర' అను దానిని పాఠాంతరముగా అధోజ్ఞాపికలో చూపి, దాని సమర్థనకు వ్యాఖ్యానము వ్రాయుట అసంభవము కాదు. ఇది భయపెట్టుటకు చెప్పినది కాదు. తప్పు రూపము సాధుపదమైనపుడు పండితుని పాండిత్యమే దానికి ఆశ్రయమిచ్చును.

తెలుగు లిపిలో ఉన్న పాఠమునకు ఈ భయము లేదు గదా యని కొందరు అడుగవచ్చును. నిజమే, యూనికోడులో తెలుగు అక్షరములకు పెద్దచిన్న రూపములు లేవు గనుక ఈ ప్రక్రియ వానిని తాకదు. కాని దానితో జతపడి వచ్చు వేరొక ప్రక్రియ విషయమున జాగరూకత అవసరము. 2018లో గూగుల్ పరిశోధకులు వెలువరించిన బెర్ట్ అను భాషానమూనా యొక్క అన్‌కేస్డ్ రూపమునందు అక్షరములను చిన్నవి చేయుటతో పాటు స్వరచిహ్నములను తొలగించు నియమమును చేర్చిరి. ఫ్రెంచి మొదలగు భాషలలో అక్షరముపై నుండు చిహ్నములను తీసివేయుట దాని ఉద్దేశము. యూనికోడు వర్గీకరణలో మన గుణింతపు గుర్తులలో పెక్కు, హల్లు క్రింది పొల్లు సైతము, ఆ చిహ్నముల వర్గముననే చేరియున్నవి. ఆ నియమము ననుసరించి 'తెలుగు' అను పదము 'తలుగు' అగును. 'శాస్త్రము' అను పదము 'శసతరము' అగును. ఆ సంస్థయే అదే యేట రోమనేతర లిపులకు పెద్దచిన్నల భేదమును నిలుపు రూపమునే వాడుడని సూచించినది. ఒక లిపికి అలంకారమైనది వేరొక లిపికి ప్రాణమగుననుటకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

గీతలు, చుక్కలు గల అంతర్జాతీయ వర్ణమాలలో పెద్దచిన్నలు అర్థభేదకములు కావు. దీర్ఘమునకు పైగీత పెద్దక్షరముపైనను, చిన్నక్షరముపైనను నిలుచును. ఆ విధముగ అది సురక్షితము. అయినను అందు పదాదిని పెద్దది చేయుట ఒక వ్యాఖ్యానమని మరువరాదు. కృష్ణ శబ్దము నల్లనిదనుటకును, వాసుదేవునకును, ద్రౌపదికిని సంబంధించును. అర్జున శబ్దము తెల్లనిదనుటకును, మద్దిచెట్టునకును, పాండవమధ్యమునకును చెల్లును. మన లిపి ఆ అర్థములన్నిటికిని తలుపు తెరచియుంచును. పింగళి సూరన రాఘవపాండవీయము వంటి ద్వ్యర్థికావ్యమున ఏ పదము సంజ్ఞయో, ఏది విశేషణమో రెండు కథలలో రెండు విధములుగ నుండును. అక్కడ పెద్దక్షరమును పెట్టినవాడు ఒక కథను ఎన్నుకొని రెండవదానిని మూసినవాడగును. ఆ నిర్ణయమును పండితుడు చేసినచో అది అతని అభిప్రాయము. సాఫ్ట్‌వేరు చేసినచో అది ఎవరి అభిప్రాయమును కాదు. మన లిపిలో పెద్దచిన్నలు లేకుండుట లోపమని తలచువారు ఈ విషయమును గమనింపవలెను.

ఇక ఆక్షేపణలు. నిత్యవ్యవహారమున ఫోనులలో తెలుగును చిన్నక్షరములతో వ్రాసికొనువారికి అర్థబోధ కలుగుచునే యున్నది గదా యనవచ్చును. సందర్భము తెలిసిన ఇరువురి మధ్య అది చెల్లును. సందర్భమునే పాఠము నుండి నిర్ణయింపవలసిన పరిశోధకునకు చెల్లదు. పెద్దచిన్నలను పాటింపని వెదుకులాట మేలుగదా యనవచ్చును. పద్ధతి తెలియనివానికి మొదటి వెదుకులాటలో అది తోడ్పడుననుట సత్యమే. వెదకుటకు చేసిన సడలింపు దాచిన పాఠమును మార్పకుండుట ముఖ్యము. యంత్రవిశ్లేషణకు ఒక వర్ణమునకు ఒక అక్షరము గల పద్ధతియే అనుకూలమనుటయు యుక్తమే. అది యంత్రము లోపలి పనికి. గ్రంథభాండారమున నిలుపవలసిన మూలప్రతికి అది తగదని నా అభిప్రాయము.

కావున నా ప్రతిపాదనలు ఇవి. మన కళాశాలలు, లిఖిత భాండాగారములు సిద్ధపరచు ప్రతి పాఠమునకును మూలప్రతి తెలుగు లేక నాగరి లిపిలో యూనికోడు రూపమున ఉండవలెను. రోమన్ అక్షరములు మీటలు నొక్కుటకు సాధనములు మాత్రమే కావలెను. రోమన్ లిపి తప్పనిసరియైన సూచీపట్టికలకు, విదేశ పత్రికలకు అంతర్జాతీయ వర్ణమాలను గాని, 2001లో వెలువడిన ఐఎస్ఓ 15919 ప్రమాణమును గాని వాడవలెను. పాత ఆస్కీ పాఠములను స్వీకరించునపుడు అవి ఏ పద్ధతిలోనివో ఫైలు మొదటనే వ్రాసి, ముందుగా మన లిపికి మార్చి, తరువాతనే పోల్చుట, వెదకుట, వరుసపరచుట జరుపవలెను. లేఖన సాఫ్ట్‌వేరులో తనంతట దిద్దు సౌకర్యములను ఆ పని పూర్తియగువరకు ఆపివేయవలెను.

వీనికి తోడుగ ఒక చిన్న పరీక్షాపదావళిని ప్రతి శాఖయు ఉంచుకొనవలెను. స్వజన శ్వజన, శస్త్ర శాస్త్ర, సుత సూత, పల ఫల, పాత పాట, నెల నేల అను జంటలు చాలును. క్రొత్త సాఫ్ట్‌వేరు ఏదైనను వచ్చినపుడు ముందుగా వీనిని దాని గుండ పంపి, తిరిగి వచ్చినవానిని పోల్చి చూడవలెను. జంటలు జంటలుగనే తిరిగివచ్చినచో దానికి గ్రంథమును అప్పగింపవచ్చును. రెండు ఒకటైనచో అప్పగింపరాదు. ఈ పరీక్షకు కంప్యూటరు శాస్త్రజ్ఞుడు అవసరము లేదు. వర్ణజ్ఞానము గల విద్యార్థి చాలును. పాఠపరిష్కరణ శాస్త్రమును బోధించుచోట లేఖక ప్రమాదములతో పాటు యంత్ర ప్రమాదములకును ఒక పాఠమును కేటాయించుట యుక్తము.

తాళపత్రమును చెదపురుగు నుండి, తేమ నుండి కాపాడుటకు మన పూర్వులు పడిన శ్రమ మనకు తెలియును. నేటి చెదపురుగు పత్రమును తినదు. పత్రమును చక్కగ నిలిపి అక్షరమును మార్చును. అక్షరము విలువ ఎరిగిన వారమని పేరుపడిన మనమే దీనిని ముందుగా గుర్తింపవలసియున్నది. విజ్ఞులైన అధ్యాపకులు, పరిశోధకులు ఈ ప్రతిపాదనలను తమ తమ సంస్థలలో పరిశీలించి, లోపములున్నచో తెలిపి, యుక్తములైనవానిని ఆచరణమున పెట్టుదురుగాక యని ప్రార్థన.